పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటున్నారా? మాక్ పోల్ నుంచి 17సి (బూత్‌లో పడిన ఓట్ల లెక్క ఫారం) చేతికొచ్చేదాకా ఏమేం చూడాలి

మా దగ్గర ఎలక్షన్ అయిపోయిన ప్రతిసారీ హోటల్ దగ్గర ఒకటే ముచ్చట. ఓడినవాళ్ళు మిషన్లలో ఏదో చేశారంటారు, గెలిచినవాళ్ళు నవ్వి ఊరుకుంటారు, ఐదేళ్ళ తర్వాత గెలుపోటములు తారుమారైతే అదే మాట ఈసారి రెండోవాళ్ళ నోట వస్తుంది. 2024 మే 13న ఒకే రోజు ఓట్లు పడిన రెండు సీట్లు చూడండి: నల్లగొండ లోక్‌సభలో మెజారిటీ 5,59,905, మహబూబ్‌నగర్‌లో 4,500. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్ల మీద 4,500 అంటే సెగ్మెంటుకు 650 కూడా రాదు. అంత తక్కువ తేడాతో ఓడినవాళ్ళకు నిద్ర పట్టదు, అనుమానం రావడంలో తప్పేమీ లేదు. కానీ ఆ అనుమానపడే మనిషినే "మీ బూత్‌లో సాయంత్రం మిషన్ ఎన్ని ఓట్లు చూపించింది, కౌంటింగ్ రోజు అదే నంబర్ వచ్చిందా?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. మిషన్ అంటే బాగా నమ్మకమున్నవాళ్ళ దగ్గరా ఉండదు.

నేను 2018 నుంచి మా ఊరి బడిలో ఏజెంటుగా కూర్చుంటున్నాను, దేవరకొండ వైపు. ఏ పార్టీ తరఫున అనేది ఇక్కడ అనవసరం, ఏ పార్టీ అయినా పని ఒకటే. మిషన్ లోపల చిప్‌లో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియనక్కర్లేదు. లోపలికి ఎన్ని ఓట్లు వెళ్ళాయి, బయటికి ఎన్ని వచ్చాయి అనేది మాత్రం పెన్నూ నోట్‌బుక్కూ ఉన్న ఎవరైనా పట్టుకోవచ్చు. ఆ హక్కు చట్టమే ఇచ్చింది. వాడుకోవాల్సింది మనం.

మొదట ఫారం-10

పార్టీ లీడర్ ఫోన్ చేసి "రేపు నువ్వు కూర్చో" అంటే సరిపోదు. అభ్యర్థి గానీ, అభ్యర్థి పెట్టుకున్న ఎలక్షన్ ఏజెంట్ గానీ సంతకం చేసిన ఫారం-10 మీ చేతిలో ఉండాలి. దాంట్లో ఒక డిక్లరేషన్ ఉంటుంది, దాని మీద మీ సంతకం ప్రిసైడింగ్ ఆఫీసర్ (బూత్ బాధ్యత చూసే అధికారి) ఎదురుగానే పెట్టాలి, కాబట్టి ఇంట్లోనే చేసుకొని రాకండి. ఒక అభ్యర్థికి బూత్‌కు ఒక ఏజెంటు, ఇద్దరు రిలీఫ్ ఏజెంట్లు ఉండొచ్చు, లోపల కూర్చునేది మాత్రం ఒకసారికి ఒక్కరే. ఆ బూత్ ఓటరుకే మొదటి ప్రాధాన్యం. ఇది మంచి పద్ధతి, ఎందుకంటే వచ్చినమనిషి నిజంగా ఆ పేరున్న మనిషేనా అని ముఖం చూసి చెప్పగలిగేది ఊరివాళ్ళే.

ముందురోజు మూడు నంబర్లు రాసుకోండి

మిషన్ అని మనం అనేది మూడు ముక్కలు. ఓటరు బటన్ నొక్కేది బ్యాలెట్ యూనిట్, చీటీ చూపించేది వీవీప్యాట్, ఆఫీసర్ దగ్గర ఉండి ఓట్లను దాచుకునేది కంట్రోల్ యూనిట్. మూడింటికీ వేరువేరు సీరియల్ నంబర్లు ఉంటాయి. ఏ మిషన్ ఏ నియోజకవర్గానికి పోవాలనేది ఒకసారి, ఆ తర్వాత ఏ బూత్‌కు పోవాలనేది రెండోసారి కంప్యూటర్‌లో కలిపి తీస్తారు. రెండోసారి తీసేటప్పుడు అభ్యర్థులను పిలుస్తారు, ఆ లిస్టు అభ్యర్థికి ఇస్తారు. లిస్టు పార్టీ ఆఫీసులో ఎక్కడో బీరువాలో పడి ఉంటుంది. వెళ్ళి అడగండి, మీ బూత్ ఎదురుగా ఉన్న మూడు నంబర్లూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. మిషన్ మారిందా లేదా అని తర్వాత ఎవరు వాదించినా ఆ పేజీయే మాట్లాడాలి.

దీనికంటే చాలా ముందే జిల్లాలో ఫస్ట్ లెవెల్ చెకింగ్ అని ఒకటి జరుగుతుంది. మిషన్లు తయారుచేసే బెంగళూరు బీఈఎల్ నుంచో, మన హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచో ఇంజనీర్లు వచ్చి ప్రతి మిషన్‌నూ పరీక్షిస్తారు, గుర్తింపు పార్టీలను చూడటానికి పిలుస్తారు. ఒక శాతం మిషన్లలో 1,200, రెండు శాతంలో 1,000, ఇంకో రెండు శాతంలో 500 ఓట్లు వేసి చూస్తారు. మిషన్ మీద గట్టి అనుమానం ఉన్న పార్టీ అన్నిటికంటే ముందు మనిషిని పంపాల్సింది అక్కడికి. మీ జిల్లా పార్టీలో మీ మాట చెల్లితే ఆ రోజులన్నీ కూర్చునే ఓపికున్న ఒకరిని పంపమని పట్టుబట్టండి, రిజల్ట్ వచ్చాక ప్రెస్‌మీట్ పెట్టడం కంటే అది వందరెట్లు నయం.

సంచీలో రెండు పెన్నులు, నోట్‌బుక్, కళ్ళద్దాలు, ఓటర్ లిస్టు కాపీ, నీళ్ళు, సద్ది, బీపీ షుగర్ ఉంటే గోళీలు. ఫోన్ లోపలికి రానివ్వరు, కాబట్టి చేతిగడియారం. మే నెలలో మా వైపు బడి గదులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. 2024లో ఎండకు భయపడే పోలింగ్ టైం సాయంత్రం ఆరుదాకా పెంచారు.

ఐదున్నర: ఇదే అసలు పరీక్ష

ఏడింటికి పోలింగ్ అంటే దానికి 90 నిమిషాల ముందు, ఐదున్నరకు మాక్ పోల్, అంటే ఉత్తుత్తి ఓట్లు వేసి మిషన్‌ను పరీక్షించడం. ఐదుంబావుకే బడి దగ్గర ఉండండి. కనీసం ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్లు ఉండాలి, లేకపోతే 15 నిమిషాలు చూస్తారు, ఆ తర్వాత మీరు వచ్చినా రాకపోయినా మొదలుపెడతారు. చాలామంది ఏజెంట్లు ఏడింటికి స్నానం చేసి బొట్టు పెట్టుకొని తీరిగ్గా వస్తారు. అప్పటికి చూడాల్సింది సగం అయిపోయి ఉంటుంది.

లోపలికి వెళ్ళగానే మూడు సీరియల్ నంబర్లు మీ నోట్‌బుక్‌తో సరిచూడండి. తర్వాత మిషన్‌లో ఓట్లేమీ లేవని, అందరికీ సున్నాయేనని డిస్‌ప్లే మీద చూపిస్తారు. వీవీప్యాట్ కింద చీటీలు పడే డబ్బా తెరిచి ఖాళీగా ఉందని చూపిస్తారు. దూరం నుంచి తలూపకండి, లేచి దగ్గరికి వెళ్ళి చూడండి. ఇప్పుడు కనీసం 50 ఓట్లు వేయాలి, ప్రతి అభ్యర్థికీ పడాలి, నోటాకు కూడా. ఎవరు ఏ గుర్తు నొక్కారో గీతలు గీసుకుంటూ పోండి, మనం పాల లెక్కకు గీస్తామే, అలా. ఇలా రాసుకోకపోతే చివర్లో మిషన్ ఏ లెక్క చూపించినా "సరే" అనడం తప్ప మీ దగ్గర వేరే దారి ఉండదు.

ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 బటన్లు. మునుగోడు ఉపఎన్నిక 2022లో 47 మంది పోటీలో ఉన్నారు, నోటాతో కలిపి 48, అంటే ప్రతి బూత్‌లో మూడు యూనిట్లు వరసగా పెట్టారు. అలాంటప్పుడు మూడో యూనిట్ చివరి బటన్ దాకా నొక్కించండి, పెద్ద పార్టీలన్నీ మొదటి దాంట్లోనే ఉన్నాయని మిగతా రెండూ వదిలేయొద్దు. ఇక్కడ ఒక మాట గుర్తొస్తుంది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ళ బాధ ఢిల్లీకి వినపడాలని నల్లగొండ లోక్‌సభకు నామినేషన్లు వేస్తే 480 మంది బరిలో నిలిచారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఇప్పుడు వాడే ఎం3 మిషన్ నోటాతో కలిపి 384 దాకే మోయగలదు, కాబట్టి అంతమంది మళ్ళీ నిలబడితే ఈ రోజు కూడా కాగితం మీదే వేయాలి. ఆ 480 మంది చేసిన పని ఈ జిల్లా ఎన్నికలను ఎంత నమ్మిందో చెబుతుంది. బాధ చెప్పుకోవడానికి వాళ్ళకు దొరికిన దారి ఓటే.

50 ఓట్లు పడ్డాక క్లోజ్ నొక్కుతారు, తర్వాత రిజల్ట్ నొక్కుతారు, అభ్యర్థులవారీగా అంకెలు వస్తాయి. డబ్బాలోని చీటీలు తీసి కుప్పలుగా పేర్చి లెక్కపెడతారు. మీ గీతలు, మిషన్ అంకెలు, చీటీల కుప్పలు, మూడూ కలవాలి. కలిశాక క్లియర్ నొక్కుతారు. క్లోజ్, రిజల్ట్, క్లియర్, ఈ వరసనే సీఆర్‌సీ అంటారు, వరస తప్పితే మిషన్ క్లియర్ కాదు.

ఈ క్లియర్ దగ్గర మాత్రం కళ్ళు పక్కకు తిప్పొద్దు. 2019 ఎన్నికల్లో కడప జిల్లా మైదుకూరు అసెంబ్లీలో 63వ నంబర్ బూత్‌లో మిషన్ లెక్కకూ వీవీప్యాట్ చీటీల లెక్కకూ తేడా వచ్చింది. ఏంటా అని చూస్తే ప్రిసైడింగ్ ఆఫీసర్ మాక్ పోల్ ఓట్లను తుడవడం మరిచిపోయారు. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు వీవీప్యాట్ చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కేసు కొట్టేసినప్పుడు, చీటీలతో సరిచూసిన బూత్‌లలో తేడా వచ్చినదిగా చెప్పింది ఆ ఒక్కదాన్నే. అంటే దేశం మొత్తం మాట్లాడుకున్న ఆ తేడాను, ఆ పొద్దున ఆ గదిలో ఒక ఏజెంటు "సార్, క్లియర్ నొక్కారా? సున్నా చూపించండి" అని అడిగి ఉంటే ఆపేవాడు. పొద్దున ఆరు ముప్పావుకు అందరూ తొందరలో ఉంటారు, బయట లైన్ కట్టినవాళ్ళు అరుస్తుంటారు, ఆఫీసర్‌కు రాత్రి నిద్ర లేదు. అయినా అడగండి, గొంతు పెంచకుండా అడగండి. సున్నా మీ కళ్ళతో చూశాకే మాక్ పోల్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టండి.

మాక్ పోల్ చీటీల వెనక ముద్ర కొట్టి, నల్ల కవర్‌లో పెట్టి సీల్ వేస్తారు, దాని మీదా సంతకం పెట్టండి. చీటీల డబ్బా మళ్ళీ ఖాళీ అని చూపించి సీల్ చేస్తారు. కంట్రోల్ యూనిట్‌లో రిజల్ట్ బటన్ ఉన్న భాగానికి ఆకుపచ్చ కాగితం సీల్ వేస్తారు, దాన్ని చింపకుండా రిజల్ట్ బటన్ నొక్కడం కుదరదు. ఆ సీల్ నంబర్ రాసుకోండి, దాని మీద సంతకం చేయండి. మీ సంతకం మీరు గుర్తుపట్టేలా ఉండాలి, తొందరలో గీత గీసి వదలొద్దు. నేను నా సంతకం కింద ఒక చిన్న చుక్క పెడతాను.

ఇంకో రెండు చిన్న విషయాలు. వీవీప్యాట్‌ను కిటికీ ఎదురుగానో, బల్బు కిందనో పెడితే మొరాయిస్తుంది, వెలుతురు దానికి పడదు. టేబుల్ జరపమని చెప్పండి, ఎవరూ కాదనరు. డిస్‌ప్లేలో బ్యాటరీ ఎంత చూపిస్తుందో కూడా రాసుకోండి. 2024 అక్టోబర్‌లో హర్యానా కౌంటింగ్ రోజు కొన్ని మిషన్లు 99 శాతం చూపించాయని పెద్ద గొడవైంది. ఓల్టేజీ ఒక స్థాయికి పైన ఉన్నంతసేపు డిస్‌ప్లే 99 అనే చూపిస్తుందని ఎన్నికల సంఘం వివరణ ఇచ్చింది. మీ పుస్తకంలో పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అని ఉంటే మీ బూత్ వరకు ఎవరి వివరణా అవసరం రాదు.

పోలింగ్ నడుస్తుండగా

ఎక్కువసేపు పట్టే పని ఇదే గానీ చెప్పడానికి తక్కువ. ఓటరు వస్తాడు, మొదటి ఆఫీసర్ పేరూ నంబరూ పైకి చదువుతారు, మీరు మీ లిస్టులో టిక్ పెట్టుకుంటారు. రెండో ఆఫీసర్ దగ్గర 17ఎ రిజిస్టర్‌లో సంతకం గానీ వేలిముద్ర గానీ, వేలికి సిరా. ప్రతి రెండు గంటలకు పోలింగ్ ఎంతైందో పైకి చెప్తారు కదా, అప్పుడు కంట్రోల్ యూనిట్ మీద టోటల్ ఎంత, 17ఎలో చివరి వరస నంబర్ ఎంత అని అడిగి రెండూ రాసుకోండి. సాయంత్రం తేడా వస్తే ఏ రెండు గంటల్లో వచ్చిందో పట్టుకోవచ్చు.

చీటీ గురించి ఒకటి. 2023 నవంబర్ 30న మా బూత్‌కు ఒక పెద్దావిడ వచ్చి ఓటేసి, వెళ్ళకుండా మా టేబుల్ దగ్గర నిలబడింది. "బిడ్డా, చీటీ అయితే కనవడ్డది గని నా చేతికి రాలే" అంది. కరెంట్ బిల్లులా చీటీ బయటికి వస్తుందనుకుంది, రాలేదు కాబట్టి ఓటు పడలేదేమోనని ఆమె బాధ. "పెద్దమ్మా, అది ఏడు సెకన్లు అద్దంలో కనపడి కింద డబ్బాలో పడుతుంది, అక్కడే ఉంటుంది, నువ్వు నొక్కిన గుర్తే చూశావా?" అంటే "చూసిన" అంది. అంతే, తృప్తిగా వెళ్ళిపోయింది. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు, అడగకుండా మనసులో పెట్టుకొని వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఎలక్షన్‌కు వారం ముందే మీ వాడలో ముసలివాళ్ళకు చెప్పి పెట్టండి: బటన్ నొక్కాక వెంటనే తిరిగిపోవద్దు, ఎర్ర లైట్ చూడాలి, అద్దంలో వరస నంబర్, పేరు, గుర్తు చూడాలి, పొడుగ్గా బీప్ వినాలి.

ఎవరైనా "నేను ఒకటి నొక్కితే చీటీలో ఇంకోటి వచ్చింది" అంటే దానికి రూల్ 49ఎంఏ ఉంది. ఆ ఓటరు రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వాలి, అబద్ధమైతే కేసవుతుందని ఆఫీసర్ ముందే చెప్తారు, తర్వాత ఏజెంట్ల ఎదురుగా ఒక టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజంగా తప్పు వస్తే పోలింగ్ అక్కడే ఆపాలి. ఓటరు కంగారులో ఉంటాడు, మీరు అతన్ని రెచ్చగొట్టొద్దు, నోరు నొక్కొద్దు. రూల్ ఏంటో చెప్పి నిర్ణయం అతనికే వదిలేయండి. టెస్ట్ ఓటు పడితే మాత్రం ఎవరికి పడిందో రాసుకోండి, ఎందుకంటే 17సిలో దాన్ని తీసేసి లెక్కకట్టాలి.

ఒకరి ఓటు ఇంకొకరు వేసేసి ఉంటే, అసలు మనిషి కోపంతో ఇంటికి పోకుండా ఆపండి. తనే ఆ ఓటరునని చూపించగలిగితే టెండర్ ఓటు అడగొచ్చు, అది కాగితం బ్యాలెట్ మీద వేసి విడిగా కవర్‌లో పెడతారు. వచ్చినవాడే దొంగ అని మీకు తెలిస్తే రెండు రూపాయలు కట్టి చాలెంజ్ చేయొచ్చు. రెండు రూపాయలే, జేబులో చిల్లర పెట్టుకోండి.

మధ్యలో మిషన్ ఆగిపోతే టెన్షన్ పడొద్దు. వీవీప్యాట్ ఒక్కటే పాడైతే అదొక్కటే మారుస్తారు. కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ పాడైతే మూడూ కొత్తవి పెట్టి, ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఓటు వేసి మళ్ళీ మాక్ పోల్ చేసి, మళ్ళీ క్లియర్ చేయాలి. అప్పటిదాకా పడిన ఓట్లు పాత కంట్రోల్ యూనిట్‌లోనే ఉంటాయి, కాబట్టి అది ఎంత టోటల్ దగ్గర ఆగిందో, కొత్త దాని నంబర్ ఎంతో రాసుకోండి. కౌంటింగ్‌లో రెండూ రావాలి.

సాయంత్రం: 17సి తీసుకోకుండా గది దాటొద్దు

టైం అయ్యేసరికి లైన్‌లో ఉన్నవాళ్ళందరికీ చీటీలు ఇస్తారు, లైన్ చివరి మనిషి నుంచి ముందుకు ఇచ్చుకుంటూ వస్తారు, అప్పుడు వెనకనుంచి ఇంకెవరూ చేరలేరు. చివరి ఓటు పడ్డాక క్లోజ్ నొక్కుతారు. డిస్‌ప్లే మీద మొత్తం ఓట్ల నంబర్ వస్తుంది. అది రాసుకోండి, పక్కన టైం వేయండి.

తర్వాత ఆఫీసర్ 17సి ఫారం మొదటి భాగం నింపుతారు. ఆయన రాసేటప్పుడు మీరు పక్కనే నిలబడి మూడు చోట్ల చూడాలి. పైన మిషన్ల నంబర్లు మీ నోట్‌బుక్‌తో కలవాలి. రెండో వరసలో 17ఎ రిజిస్టర్ ప్రకారం ఎంతమంది వచ్చారు, ఆరో వరసలో మిషన్ ప్రకారం ఎన్ని ఓట్లు పడ్డాయి, వీటికి పొంతన కుదరాలి. సంతకం చేసి చివరి నిమిషంలో ఓటు వద్దని వెళ్ళిపోయినవాళ్ళో, ఓటు వేయనివ్వని వాళ్ళో ఉంటే మధ్య వరసల్లో ఆ సంఖ్య రాస్తారు, అది తీసేస్తే సరిపోవాలి. కింద కాగితం సీళ్ళ లెక్క ఉంటుంది, పొద్దున మీరు సంతకం పెట్టిన సీల్ నంబర్ అక్కడ ఉందా చూడండి.

నేను మొదటిసారి కూర్చున్నది 2018 డిసెంబర్ 7న. మధ్యాహ్నం మూడింటప్పుడు ఆ బూత్ ఆఫీసర్ "సాయంత్రం లేటవుతుంది, ఇప్పుడే సంతకాలు పెట్టేయండి" అని ఖాళీ 17సి ముందు పెట్టారు. మంచి మనిషి, మోసం ఆలోచన లేదు, త్వరగా ఇల్లు చేరాలని అంతే. నేనూ పెట్టేశాను, మిగతా ఇద్దరూ పెట్టారు. సాయంత్రం బస్సొచ్చింది, మిషన్లు ఎక్కించారు, కాపీ అడగడం ఎవరికీ గుర్తులేదు. డిసెంబర్ 11న కౌంటింగ్ దగ్గర మా ఏజెంటు "మన బూత్‌లో మొత్తం ఎన్ని?" అని కబురు పెడితే నా దగ్గర నంబర్ లేదు. ఆ రోజంతా కడుపులో దేవినట్టు ఉంది. లెక్క కరెక్టే అయి ఉండొచ్చు, కానీ కరెక్ట్ అని చెప్పే అర్హత నేనే పోగొట్టుకున్నాను. ఖాళీ ఫారం మీద సంతకం ఎప్పుడూ, ఎవరికీ పెట్టొద్దు.

రూల్ 49ఎస్ ప్రకారం ప్రిసైడింగ్ ఆఫీసర్ తన సంతకంతో ఆ 17సి కాపీని ప్రతి ఏజెంటుకూ ఇవ్వాలి, మీరు అందిందని సంతకం చేయాలి. "తర్వాత పంపిస్తాం", "ఫారాలు అయిపోయాయి" అంటే అక్కడే కూర్చోండి, బయట ఉన్న మీవాళ్ళతో సెక్టార్ ఆఫీసర్‌కు (కొన్ని బూత్‌లను కలిపి చూసుకునే అధికారి), మీ అభ్యర్థి ఎలక్షన్ ఏజెంటుకు ఫోన్ చేయించండి. 2024 మే నెలలో బూత్‌లవారీగా 17సి లను నెట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టుకు వెళ్తే ఆ దశలో కోర్టు ఆదేశం ఇవ్వలేదు. అందరికీ కనపడేలా పెట్టి ఉంటే బాగుండేదని నేనిప్పటికీ అంటాను. అది జరిగేదాకా మీ చేతిలో కాపీ ఒక్కటే ఆధారం. ఇంటికి పోయేముందే రెండు జిరాక్స్‌లు తీయండి, ఫోటో తీసి పెట్టుకోండి.

స్ట్రాంగ్ రూం దాకా

మిషన్ల బండి వెనక అభ్యర్థి మనుషులు తమ బండిలో వెళ్ళొచ్చు, స్ట్రాంగ్ రూం తాళానికి తమ సీల్ కూడా వేయొచ్చు, కౌంటింగ్ దాకా బయట కాపలా ఉండొచ్చు. ఈ మధ్యలోనే "వ్యాన్‌లో మిషన్లు పట్టుబడ్డాయి" అని వీడియోలు వస్తాయి. ముందు మిషన్ మీద నంబర్ అడగండి. ఓట్లు పడని రిజర్వ్ మిషన్లు సెక్టార్ ఆఫీసర్ల బండ్లలో తిరుగుతాయి, వాటిని విడిగా దాస్తారు. జనానికి చూపించడానికి, ట్రైనింగ్‌కు వాడేవాటి మీద పసుపు స్టిక్కర్ ఉంటుంది. వీడియోలోని నంబర్ ఏదైనా బూత్ 17సి మీద ఉంటే అది నిజంగా పెద్ద విషయం, వదలొద్దు. లేకపోతే ఫార్వర్డ్ చేయొద్దు.

అలాగని స్ట్రాంగ్ రూంల దగ్గర అంతా సవ్యంగా ఉంటుందని నేననను. ధర్మపురిలో 2018లో 441 ఓట్ల తేడా మీద కేసు నడిచి, 2023 ఏప్రిల్‌లో హైకోర్టు ఆదేశంతో స్ట్రాంగ్ రూం తెరవబోతే తాళంచెవులు దొరకలేదు. నమ్మకం పోవడానికి మిషన్‌లో మాయ జరగనక్కర్లేదు, ఇలాంటి నిర్లక్ష్యం ఒక్కటి చాలు.

కౌంటింగ్ రోజు నంబర్ చేరాలి

చాలా పార్టీల లెక్క తెగిపోయేది ఇక్కడే. బూత్‌లో కూర్చున్నది మీరు, కౌంటింగ్ హాల్లో కూర్చునేది ఇంకొకరు, వాళ్ళకు ఫారం-18 వేరే. మీ 17సి వాళ్ళ చేతికి చేరకపోతే మీరు రోజంతా పడ్డ కష్టం దండగ. ముందురోజే ఇచ్చి రండి. మామూలుగా 14 టేబుళ్ళు ఉంటాయి కాబట్టి మీ బూత్ నంబర్‌ను 14తో భాగిస్తే ఏ రౌండో తెలుస్తుంది. ఉదాహరణకు 128వ బూత్ అంటే తొమ్మిది రౌండ్లలో 126 అయిపోతాయి, పదో రౌండ్‌లో రెండో టేబుల్. 128ఎ లాంటి అదనపు బూత్‌లు ముందు ఉంటే కాస్త జరుగుతుంది.

హాల్లోకి కంట్రోల్ యూనిట్ వస్తుంది. టేబుల్ దగ్గరున్నవాళ్ళు దాని నంబర్, సీల్, దాని మీద మీ సంతకం చూడాలి, తర్వాత మొత్తం ఓట్లు 17సితో కలుస్తున్నాయా చూడాలి, ఆ తర్వాతే రిజల్ట్. కలవకపోతే ఆ మిషన్‌ను పక్కన పెట్టించాలి. అలాంటి మిషన్‌కు వీవీప్యాట్ చీటీలు లెక్కపెడతారు. డిస్‌ప్లే ఆగిపోయిన మిషన్‌కూ చీటీలే దిక్కు. అన్నీ అయ్యాక అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు బూత్‌లను లాటరీ తీసి వాటి వీవీప్యాట్ చీటీలు లెక్కపెడతారు, ఇది 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఉంది. అప్పటికి గెలిచినవాళ్ళు ఊరేగింపుకు, ఓడినవాళ్ళు ఇంటికి పోయి ఉంటారు, ఈ ఐదింటి దగ్గర ఏజెంట్లే ఉండరు. దయచేసి ఒక్కరినైనా కూర్చోబెట్టండి.

మళ్ళీ కాగితమే రావాలనేవాళ్ళతో నాకు తగాదా లేదు. సర్పంచ్ ఎలక్షన్లు ఇప్పటికీ గులాబీ రంగు బ్యాలెట్ మీదే నడుస్తున్నాయి. ఇదే నల్లగొండలో 2021 పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్ 71 మంది అభ్యర్థులతో నాలుగు రోజులు సాగింది. అక్కడ కూడా కట్టలు కట్టేచోట కళ్ళు పెట్టుకొని చూసే మనిషి ఉండాల్సిందే.

అన్నీ అయ్యాక కూడా అనుమానం మిగిలితే రెండు గడువులు గుర్తుంచుకోండి. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు రిజల్ట్ వచ్చిన ఏడు రోజుల్లోపు సెగ్మెంటుకు ఐదు శాతం మిషన్ల చిప్ పరీక్ష అడగొచ్చు, 2024లో పెట్టిన ఫీజు ఒక్కో సెట్‌కు జీఎస్టీతో 47,200 రూపాయలు, తప్పు బయటపడితే తిరిగి ఇస్తారు. హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్‌కు 45 రోజులు. రెండిటికీ మీ నోట్‌బుక్ జిరాక్స్ పనికొస్తుంది, పారేయొద్దు.

కౌంటింగ్ హాల్లో 17సి రెండో భాగం నింపుతారు, అభ్యర్థులవారీగా ఓట్లు దాంట్లో ఉంటాయి. ఆ అంకెలు మీ కౌంటింగ్ ఏజెంటు దగ్గర రాయించుకొని తెచ్చుకోండి. 2023 నుంచి మా ఊళ్ళో మేం మూడు పార్టీల ఏజెంట్లం కలిసి ఒక పని చేస్తున్నాం. తెల్ల చార్ట్ మీద పైన బూత్ నంబర్, ఎడమవైపు పోలింగ్ సాయంత్రం మిషన్ చూపించిన మొత్తం, కుడివైపు కౌంటింగ్ రోజు వచ్చిన మొత్తం, కింద ముగ్గురి సంతకాలు. పంచాయతీ ఆఫీసు గోడకు అతికిస్తాం. మొదటిసారి జనం గుమిగూడి రెండు అంకెలనూ వేలితో చూపించుకుంటూ చదివారు. చార్ట్ పది రూపాయలు, లావు స్కెచ్ పెన్ ఇంకో పాతిక. వానకు తడవకుండా పైన ప్లాస్టిక్ కవర్ వేయండి.